రాయలసీమ నీటిపారుదలలో ఇంజనీర్ల భావప్రసారం

ఇంజనీరు తాను కొలిచిన, లెక్కించిన, రూపకల్పన చేసిన విషయాన్ని వేర్వేరు శ్రోతలకు వారివారి అవసరానికి తగిన మాటలలో తెలియజేయడాన్ని ఇంజనీరింగు భావప్రసారం అంటారు. తోటి ఇంజనీరు, పాలకుడు, న్యాయమూర్తి, పెట్టుబడి పెట్టినవాడు, రైతు, వరద దారిలో ఇల్లు కట్టుకున్న మనిషి - వీరందరికీ ఒకే నీటిని గురించి చెప్పవలసి వచ్చినను, ఒకే మాట అందరికీ పనికిరాదు. వర్షాభావానికి పేరుపడిన కర్నూలు, కడప జిల్లాలలో ఈ సమస్య చాలాకాలంగా ఉన్నది. ఇచ్చట నీటి లెక్క తప్పుగా అర్థమైనచో పంట పోవును; అసలు అర్థము కానిచో ప్రాణాలే పోవచ్చును. (ఈ వ్యాసంలో కర్నూలు, కడప జిల్లాలు అనగా 2022 పునర్విభజనకు ముందున్న జిల్లాలు.)

కొలతల భాష

నీటిపారుదల ఇంజనీర్లు వాడే ముఖ్యమైన కొలతలు రెండు. ప్రవాహానికి క్యూసెక్కు, నిల్వకు టీఎంసీ. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు. టీఎంసీ అనగా వంద కోట్ల ఘనపు అడుగుల నీరు, అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఒక కాలువలో 11,574 క్యూసెక్కుల నీరు ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అదే నీటిని అడుగు ఎత్తున నిలిపితే దాదాపు 23 వేల ఎకరాలు మునుగును.

ఈ రెండు మాటలు తెలుగునాట పత్రికలలోను, రాజకీయ సభలలోను బాగా స్థిరపడినవి. విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో నీటిపారుదల శాఖను నిర్వహించిన ఇంజనీరు కానూరి లక్ష్మణరావు (కె.ఎల్.రావు) తన ఆత్మకథకు 'క్యూసెక్స్ కాండిడేట్' అని పేరు పెట్టుకున్నాడు. అయితే మాట తెలియడం వేరు, దాని పరిమాణం మనసుకు తట్టడం వేరు.

రైతుకు సొంత కొలతలు ఉన్నవి. వానను మిల్లీమీటర్లలో కాక 'పదును'తో కొలుస్తాడు. విత్తనం వేయడానికి చాలినంత తేమ నేలలోకి దిగినదా లేదా అన్నదే అతని ప్రశ్న. అదే 20 మిల్లీమీటర్ల వాన ఎర్రనేలలో ఒక రకంగా, నల్లరేగడిలో ఇంకొక రకంగా పనిచేయును కనుక ఈ కొలతలో నేల స్వభావం కూడా ఇమిడి ఉన్నది. ఇంజనీరు మిల్లీమీటర్లలో అది లేదు. కాలువ నీటికి రైతు కొలత 'తడి'. 'ఇంకొక తడి ఇస్తే పైరు గట్టెక్కుతుంది' అన్న వాక్యంలో నీరు ఎంత కావాలి, ఎప్పుడు కావాలి అన్నవి రెండూ ఉన్నవి. ఇంజనీర్లు కూడా ఈ మాటనే తీసుకొని 'ఆరుతడి పంటలు' అనే పదాన్ని అధికారిక పత్రాలలో వాడుతున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరిగినది. ఇంగ్లీషు ఇంజనీర్లు దక్షిణాది భాషల నుండి 'ఆనకట్ట', 'ఆయకట్టు' పదాలను తమ భాషలోకి తీసుకున్నారు. రైతులు 'లాకు', 'షట్టరు', 'లస్కరు' పదాలను తమవి చేసుకున్నారు.

కొన్ని కొలతలు రెండు పక్షాలకూ తెలిసినట్లే ఉండి మోసం చేయును. బోరుబావి నీటిని ఈ ప్రాంతంలో 'రెండు ఇంచులు', 'మూడు ఇంచులు' అని చెప్పుకొంటారు. ఇది పైపు వ్యాసం కాదు. 'వి' ఆకారపు గాడి గల పలక మీదుగా పారే నీటి ఎత్తు. గాడి పైకి పోయేకొద్దీ వెడల్పు అగును కాబట్టి ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, సుమారు ఐదున్నర రెట్లు అగును. తొంభై డిగ్రీల గాడిలో ఒక ఇంచు నీరు గంటకు ఇంచుమించు 500 లీటర్లు ఇస్తే, రెండించుల నీరు 2,900 లీటర్ల వరకు ఇస్తుంది. అంటే వేసవిలో బోరు రెండించుల నుండి ఒక ఇంచుకు పడిపోయినప్పుడు సగం నీరు మిగిలినదని తలచి సగం పొలంలో పైరు ఉంచుకొన్న రైతుకు వాస్తవంలో మిగిలినది ఐదవ వంతు కంటె తక్కువ. అప్పు తెచ్చి బోరు వేసిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఈ ఒక్క సంగతిని గంటకు ఇన్ని లీటర్లు అని చెప్పి ఉంటే సరిపోయేది.

పోరుమామిళ్ళ చెరువు శాసనం

ఇంజనీరింగు విషయాన్ని లిఖితపూర్వకంగా నిలిపిన పాత ఉదాహరణ కడప జిల్లాలోనే ఉన్నది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) ఉదయగిరి కేంద్రంగా పాలించుచు పోరుమామిళ్ళ వద్ద పెద్ద చెరువు కట్టించి, 1369లో రెండు రాతి పలకలపై శాసనం వేయించాడు. సంస్కృత శ్లోకాలలో ఉన్న ఈ శాసనాన్ని వి.ఎస్.సూక్తంకర్ పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' 14వ సంపుటంలో ప్రకటించాడు.

శాసనాలు సాధారణంగా దాత వంశాన్ని, దానఫలాన్ని చెప్పి ముగియును. ఈ శాసనం అంతటితో ఆగక, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వివరించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీటిని తెచ్చే నది, ఇరువైపుల కొండలను ఆనుకొని మరీ పొడవు కాని రాతికట్ట, విశాలమై లోతైన గర్భం, దగ్గరలో పొడవైన రాళ్ళు దొరికే గని, చెరువు కింద సమతలమైన సారవంతమైన పొలాలు, నిర్మాణంలో నేర్పరులైన పనివారు - ఇవి అంగాలలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు గర్భం మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం - ఇవి దోషాలు.

ఈ జాబితాను నేటి ఇంజనీరు చదివినా ఎక్కడా తడబడడు. రెండు రాజ్యాల సరిహద్దు అన్న దోషాన్ని కృష్ణా, తుంగభద్ర జలాల వివాదాలు ఎరిగినవారు మరింత బాగా గ్రహించగలరు. శాసనం కట్ట కొలతలను, రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు పనిచేసిన సంగతిని కూడా నమోదు చేసినది. ఇందువలన తరువాత చెరువు కట్టదలచిన వానికి పని పరిమాణం, ఖర్చు అంచనాకు అందును.

అయితే సంస్కృత శ్లోకం చదవగలవారు ఆనాడు కొద్దిమంది. శాసనం రాజులకు, పండితులకు, భవిష్యత్తులో చెరువు కట్టించేవారికి ఉద్దేశించినది. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ముందు నీరు పారాలి అన్న రోజువారీ జ్ఞానం శాసనాలలో కాక చెరువు నీటిని పంచే నీరుగంటి నోటిలోను, అతని తరువాతివారి నోటిలోను నిలిచినది.

కర్నూలు-కడప కాలువ

ఒక శ్రోతను ఒప్పించి మరొక శ్రోతను మరచిన ఉదాహరణ కర్నూలు-కడప కాలువ (కె.సి.కాలువ). గోదావరి ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ తుంగభద్ర నీటిని సాగుకు, పడవల రాకపోకలకు వాడుకోవాలని గట్టిగా వాదించాడు. ఆయన రచనలు, ప్రసంగాలు ఇంగ్లండులోని వర్తకులకు, పెట్టుబడిదారులకు, పార్లమెంటు సభ్యులకు బాగా అర్థమయ్యే రీతిలో ఉండేవి. రవాణా ఖర్చు ఎంత తగ్గును, పెట్టుబడికి ఎంత రాబడి వచ్చును, కరవును ఎట్లు నివారించవచ్చును అని లెక్కలతో చెప్పేవాడు. ఈ వాతావరణంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడినది. పది లక్షల పౌండ్ల మూలధనానికి ప్రభుత్వం నూటికి ఐదు వంతున వడ్డీ హామీ ఇచ్చినది. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట, అక్కడి నుండి కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ 1860లలో నిర్మాణమైనవి.

కాలువలో నీరు వచ్చినది కాని కొనేవారు తగినంతమంది రాలేదు. కాలువ దారిలో ఎక్కువ భాగం నల్లరేగడి భూములు. ఆ నేల వాన నీటిని చాలాకాలం పట్టి ఉంచును. జొన్న, ప్రత్తి దానిపై తడి లేకుండానే పండును. కాలువ నీరు పెట్టినచో రేగడి బురదై పాడగునని రైతు భయం. నీటికి తీరువ కట్టవలెనన్న జంకు దానికి తోడైనది. గోదావరి డెల్టాలో వరి రైతుకు చెప్పనవసరం లేని విషయాన్ని కుందూ లోయలోని జొన్న రైతుకు ఓపికగా చెప్పవలసి ఉన్నది. ముందుగా అతని మాట వినవలసి కూడా ఉన్నది, ఎందుకనగా రేగడి గురించి అతను చెప్పినది చాలావరకు నిజం. కంపెనీ లెక్కలలో ఆయకట్టు ఎకరాలు ఉన్నవి గాని ఆ ఎకరాలలోని నేల రంగు లేదు. 1876-78 నాటి గొప్ప కరవులో కాలువ నీటికి గిరాకీ పెరిగినది కాని కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసినది.

తరువాతి కాలంలో ఇదే కాలువ ఆ ప్రాంతానికి ప్రాణాధారమైనది. కృష్ణా జలాల పంపిణీకి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కె.సి.కాలువకు 39.9 టీఎంసీల నీటిని గుర్తించినది. ట్రిబ్యునల్ ముందు ఇంజనీరు సాక్షి వంటివాడు. అతని ప్రతి అంకెను ఎదుటి రాష్ట్రపు న్యాయవాది ప్రశ్నించును కనుక అక్కడ పాత నమోదులు, సగటులు, ఆవిరి నష్టాలతో కూడిన భాషే సరియైనది. దాదాపు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుపై ఈ నీటిని పరచినచో ఎకరాకు మూడున్నర అడుగుల ఎత్తు వచ్చును; కాలువ గట్ల నుండి ఇంకిపోయేది కూడా అందులోనే లెక్క. కాని చివరి పిల్లకాలువ రైతు అడిగేది 39.9 గురించి కాదు. 'నీళ్ళు ఎప్పుడు వదులుతారు, మా తూముకు ఎన్నాళ్ళు వస్తాయి, కడపటి తడికి ఉంటాయా' అని అడుగును. ఈ ప్రశ్నకు తేదీతో కూడిన జవాబు కావలెను. నాట్లకు ముందు అది రానిచో, తరువాత వచ్చే ఏ జవాబూ అతనికి ఉపయోగపడదు.

శ్రీశైలం మట్టాలు

ఇంజనీర్ల అంకె ప్రజల నోటికెక్కిన సందర్భాలు కూడా ఉన్నవి. శ్రీశైలం జలాశయపు పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. విద్యుత్తు, సాగు అవసరాల కొరకు జలాశయంలో ఉంచవలసిన కనీస మట్టాన్ని 1996లో 69వ సంఖ్య ప్రభుత్వ ఉత్తర్వు 834 అడుగులుగా, 2004లో 107వ సంఖ్య ఉత్తర్వు 854 అడుగులుగా పేర్కొన్నవి. మట్టం తగ్గితే పోతిరెడ్డిపాడు తల రెగ్యులేటరు గుండా రాయలసీమ కాలువలకు నీరు సరిగా ఎక్కదు. అందువలన '854' అన్న అంకె ఇచ్చట ఉద్యమ నినాదమైనది. సాంకేతిక విద్య లేని రైతులు కూడా ఆనాటి మట్టం ఎంతో పత్రికలో చూసి ఈ ఏడు నీరు వచ్చునో రాదో చెప్పగలరు. ఈ అంకె ఇంతగా అర్థం కావడానికి కారణం తేలికైనదే: గేటు గడప ఎత్తు, నీటి ఎత్తు ఒకే కొలతలో ఉన్నవి, నీరు గడప దాటితే వచ్చును, దాటకపోతే రాదు.

రైతుతో కలిసి కొలవడం

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచినది. ఇంజనీరు, రైతు ప్రతినిధులు కాలువ వెంట కలిసి నడిచి మరమ్మతులను గుర్తించే పద్ధతి అప్పుడు వాడుకలోకి వచ్చినది. కాగితంపై 'లైనింగు శిథిలం' అని ఉన్నదానిని గట్టు మీద నిలబడి చూపించినప్పుడు అంచనా పత్రంపై వాదన తగ్గును. సంఘాల పనితీరు అన్నిచోట్ల ఒకే విధంగా లేదు. ఎన్నికలు, నిధులు, రాజకీయాలు వాటిని ప్రభావితం చేసినవి.

భూగర్భజలాల విషయంలో ఇంతకంటె లోతైన ప్రయత్నం జరిగినది. నెదర్లాండ్స్ సహాయంతో 1995-2003 మధ్య నడిచిన ఏపీవెల్ పథకానికి కొనసాగింపుగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహణలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం (ఏపీఫామ్స్) 2003 నుండి 2009 వరకు కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో అమలైనది. కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఇందులో ముఖ్యపాత్ర వహించినది.

ఈ పథకంలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు. వానమాపకాన్ని ఊరిలో పెట్టి, నమోదు చేసే పనిని గ్రామస్థులకే అప్పగించారు. బోరులోని నీటిమట్టాన్ని నీరు తగలగానే కూత వేసే తీగ సాధనంతో రైతులే కొలిచారు. బోరు ప్రవాహాన్ని డ్రమ్ము, గడియారం పెట్టి లీటర్లలో లెక్కించారు. ఇంచుల అయోమయం దీనితో తొలగినది. ఫలితాలను ఊరి మధ్య గోడపై బోర్డులో రాసేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని ఆ ఏడు భూమిలోకి ఇంకిన నీరు ఎంత, వేయదలచిన పంటలకు కావలసినది ఎంత అని జమాఖర్చు వేసేవారు. ఒక ఎకరాపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడేది సుమారు లక్ష లీటర్లు అని తెలిసిన రైతుకు, ఎకరా వరికి ఎన్ని లక్షల లీటర్లు పోయునో వినగానే ఆరుతడి పంట ఎందుకు మాట్లాడుతున్నారో వేరే చెప్పనవసరం లేదు.

ఈ పథకం రైతుకు 'వరి మానుము' అని ఆదేశించలేదు; బోరు మూయించే అధికారం కూడా దానికి లేదు. లెక్క ముందు పెట్టి నిర్ణయం రైతుకు వదలినది. ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో దీనిని మెచ్చుకోదగిన ప్రయత్నంగా పేర్కొన్నది. పథకం ముగిసిన తరువాత చేసిన పరిశీలనలలో కొలిచే అలవాటు చాలాచోట్ల సన్నగిల్లినట్లు, పంటల మార్పులో ధరలు, ఇతర కారణాల పాత్ర కూడా ఉన్నట్లు తేలినది. బోర్డుపై అంకె రాసే మనిషికి ఎవరో ఒకరు కొంత గౌరవం, కొంత ఖర్చు సమకూర్చనిదే అది ఏళ్ళ తరబడి సాగదు.

వరద హెచ్చరికలు

పై విషయాలన్నిటిలో శ్రోతకు ఆలోచించుకోవడానికి సమయం ఉన్నది. వరదలో ఉండదు. గోదావరి తీరాన ప్రజలకు వరద భాష తరాలుగా అలవాటు. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగుల మట్టాలకు మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ఏ అంకెకు ఏ వీధికి నీరు వచ్చునో తీరవాసులు ఎరుగుదురు. నీటి కరవుతోనే బ్రతికిన కర్నూలు, కడప ప్రజలకు ఇటువంటి అలవాటు తక్కువ.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణంలో చాలా భాగం మునిగినది. మంత్రాలయం కూడా జలమయమైనది. శ్రీశైలానికి వచ్చిన ప్రవాహాన్ని సుమారు 25 లక్షల క్యూసెక్కులుగా అంచనా వేశారు. జలాశయ మట్టం పూర్తిస్థాయిని మించి 896 అడుగులు దాటినది. జలాశయాన్ని ముందుగా ఖాళీ చేయకపోవడం వలన వెనుక నీరు పట్టణాన్ని ముంచినదా, లేక వానలే అందుకు కారణమా అన్న వివాదం చాలాకాలం నడిచినది.

హెచ్చరికల భాష విషయంలో ఈ వరద ఒక లోపాన్ని చూపుతున్నది. 'ఇన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నవి' అన్న ప్రకటన ఆనకట్ట మీది ఇంజనీరుకు పూర్తి సమాచారం. ఎన్ని గేట్లు ఎత్తాలో అతనికి దానివలన తెలియును. పాతపట్టణంలో ఇంటివానికి అది ఏమీ చెప్పదు. 896 అడుగులు అన్నది సముద్రమట్టం నుండి కొలిచిన ఎత్తు. తన ఇంటి గడప సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో ఎవరికి తెలియును? పోతిరెడ్డిపాడు గడపకు పనిచేసిన అంకె ఇంటి గడపకు పనిచేయలేదు, ఎందుకనగా ఈ రెండవ గడప ఎత్తును ఎవరూ కొలిచి చెప్పలేదు. ఏ వీధి వరకు, ఏ గుడి మెట్టు వరకు, ఎన్ని గంటలకు నీరు వచ్చును, ఏ దారిన ఎక్కడికి పోవలెను అన్నవే ఆ సమయంలో కావలసిన మాటలు.

2021 నవంబరులో అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో జరిగినది ఇంకా దారుణమైనది. అతి భారీ వర్షాలకు ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగినది. నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. వచ్చిన వరద ఆ ప్రాజెక్టు గేట్ల సామర్థ్యాన్ని మించినది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలైన గ్రామాలు వరదలో చిక్కుకొని పదుల సంఖ్యలో జనం మరణించారు. ఆర్టీసీ బస్సులు కూడా ప్రవాహంలో చిక్కుకున్నవి. అసాధారణమైన వరద అని ప్రభుత్వం చెప్పగా, సకాలంలో హెచ్చరిక అందలేదని, గేటు మరమ్మతు జరగలేదని బాధిత గ్రామాలవారు ఆరోపించారు. పార్లమెంటులో కూడా ఈ విషయం చర్చకు వచ్చినది.

ఇటువంటి రాత్రి ఇంజనీరుకు ఒకేసారి ముగ్గురు శ్రోతలు ఉందురు. పై అధికారికి అంకెలతో నివేదిక పంపవలెను. దిగువ మండల రెవెన్యూ సిబ్బందికి ఏ గ్రామాలు ఖాళీ చేయించాలో చెప్పవలెను. గ్రామస్థునికి 'కట్ట నిలవదు, ఇప్పుడే మిట్టకు పొండి' అన్న ఒక్క వాక్యం చేర్చవలెను. మొదటి పని కార్యాలయ పద్ధతి ప్రకారం జరిగిపోవును. మూడవ దానికి పద్ధతి ముందుగా ఉండవలెను: ఫోను ఎవరికి చేయాలి, విద్యుత్తు లేనిచో దండోరా ఎవరు వేయాలి, గుడి మైకు తాళం ఎవరి దగ్గర ఉన్నది అన్నవి వాన లేని రోజులలో రాసి పెట్టుకోవలసిన విషయాలు. కట్ట తెగునని ఖచ్చితంగా తెలిసేవరకు ఆగుదామన్న సంకోచం ఇంజనీరుకు సహజం. తెగకపోతే అనవసరంగా భయపెట్టినాడన్న నింద వచ్చును. తెగునో లేదో తెలియని స్థితినే తెలిసినంతవరకు చెప్పడం ఈ వృత్తిలో అన్నిటికంటె కష్టమైన భాగం.

అన్నమయ్య ప్రాజెక్టు తెగిన కొద్ది వారాలకే, 2021 డిసెంబరులో, ఆనకట్టల భద్రతా చట్టం అమలులోకి వచ్చినది. నిర్దేశిత ఆనకట్టలన్నిటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయవలెనని, దిగువ ప్రాంతాలకు హెచ్చరిక ఏర్పాట్లు ఉండవలెనని ఈ చట్టం నిర్దేశించినది. ప్రణాళికలో ముంపు పటం ఒక భాగం. ఆ పటంలోని గీతలను ఊరి బడి గోడ మీద, విద్యుత్తు స్తంభం మీద రంగుతో గుర్తించినప్పుడే అవి పటం చదవనివారికి కూడా కనిపించును.